వల దారం కట్టిన విమానం

ఈ సాయంత్రం పటమటలో మా ఇంటి బల్ల మీద ఓ పాతకాలపు యుద్ధ విమానం మోడల్‌కు రెక్కలు బిగిస్తుంటే చేపల వాసన వచ్చింది. కొల్లేటి ఒడ్డున మా ఊరి నుంచి తమ్ముడు పంపిన పాత వల దారం వాసన అది. తొంభైల్లో నాతో చదివినవాళ్లకు ఈ వాసన గుర్తుండే ఉంటుంది.

అప్పుడు మనది ఎనిమిదో తరగతి. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కొన్నే తయారై ఆగిపోయిన ఓ ఇటలీ విమానం బొమ్మ లైబ్రరీ పుస్తకంలో దొరికింది. రెండంతస్తుల రెక్కలు, నీళ్ల మీద దిగడానికి పడవ లాంటి అడుగు. శుభలేఖల అట్టతో చేసి, కొవ్వొత్తి మైనం పూసి, నాన్న పక్కన పడేసిన వలలోంచి దారం లాగి రెక్కలు కట్టాను.

"ఏంటే, దీంతో చేపలు పడతావా?" అన్నాడు నాన్న. ఇంకాస్త దారం మాత్రం తనే కోసిచ్చాడు.

స్కూలు ఎగ్జిబిషన్‌లో సైన్సు మాస్టారు ముక్కు మూసుకున్నారు. "కంపు కొడుతోందమ్మా. ఆ దారాలు తీసెయ్. లేకపోతే వెనక గదిలో పెట్టుకో."

"తీస్తే రెక్కలు నిలవవండి," అన్నాను.

"అయితే వెనక గదే."

నేను వెనక గదికి వెళ్లలేదు. గేటు పక్కన చేతులు కడుక్కునే తొట్టిలో దాన్ని వదిలాను. తేలింది. లోపలికి వెళ్లే ప్రతివాళ్లూ దాన్ని చూసే వెళ్లాలి. మీలో కొందరు సాయంత్రం దాకా అక్కడే ఉన్నారు. బహుమతి రాలేదు.

ఇప్పటి కిట్లలో వాసన లేని సన్న దారం వాళ్లే ఇస్తారు. దాన్ని డబ్బాలోనే ఉంచేస్తాను.