మా దాసు రోజూ తాగిన నీళ్ళు

మా తమ్ముడు దాసు మట్టిని నోట్లో వేసుకుని రకం చెప్పేవాడు. చిటికెడు మట్టి పళ్ళ మధ్య నలిపి, "ఇది నీళ్ళు ఆపదు అప్పా, ఇసక పాలు ఎక్కువ" అని ఉమ్మేసేవాడు. అక్కని కదా, నన్ను అప్పా అంటాడు. అమ్మ పోయేనాటికి వాడికి నాలుగేళ్ళు, నాకు పదమూడు. మట్టి తినొద్దని చిన్నప్పుడు వీపు మీద వాయించింది నేనే. ఆ మట్టితోనే అన్నం తింటాడని నాకేం తెలుసు.

చోడవరానికీ మాడుగులకీ మధ్య ఏ ఊళ్ళో గట్టు వేయాలన్నా దాసు మేస్త్రీనే పిలిచేవారు. టేపు చదవడం రాదు, అడుగులతో కొలిచేవాడు. తొంభైలో మా ఊరి మోతుబరి గణపతిరావు గారు తన చెరుకు పొలాలకి ఎగువన, కొండ మీంచి దిగే వాగుకి, మా గెడ్డకి, అడ్డంగా సొంత చెరువు కట్టించుకున్నారు. పన్నెండు ఎకరాలకి నీళ్ళు, పైగా చేపలు. స్థలం ఆయనది, డబ్బు ఆయనది, అడిగేవాడు లేడు. ఒక్క ఇంజినీరూ వచ్చి చూడలేదు. దాసు జానెడేసి మట్టి పోయించి, తడిపించి, రోలుగుంట వైపు నుంచి గొర్రెల మందని రప్పించి దాని మీద అటూ ఇటూ తోలించాడు. గొర్రె కాలు తొక్కినంత గట్టిగా లారీ చక్రం కూడా తొక్కదని వాడి నమ్మకం.

ఆ ఏడే నా పెనిమిటి పోయాడు. గట్టు కింద మూడు సెంట్ల జాగా గణపతిరావు గారిని అడిగి నాకు ఇప్పించింది దాసే. అక్కడే ఇల్లు వేసుకున్నాను. గట్టు మొదట్లోంచి ఒక ఊట వచ్చేది. చల్లగా, తియ్యగా ఉండేది. ఎండాకాలంలోనూ ఆగేది కాదు. ఊళ్ళో ఆడవాళ్ళు బోరింగు దగ్గర బిందెల కోసం జుట్లు పట్టుకుంటుంటే నేను గుమ్మం దిగి ముంచుకునేదాన్ని.

రోజూ పొద్దున్నే దాసు వచ్చేవాడు.

"అప్పా, ఊట నీళ్ళు ఓ గళాసుడు ఇయ్యి."

గాజు గ్లాసు వాడే కొనిచ్చాడు. దాన్ని వెలుతురుకి ఎత్తి చూసి, తాగి వెళ్ళేవాడు. ఆరేళ్ళపాటు ఒక్కరోజు మానలేదు. పక్కింటి నూకరత్నం ఏడిపించేది.

"మీ తమ్ముడికి పెళ్ళాం నీళ్ళు పొయ్యదేటే?"

"పోస్తాది. నా సేతి నీళ్ళు పడితేగాని ఆడికి పొద్దు పొడవదు" అనేదాన్ని. ఆ మాట అనడం కోసమే నూకరత్నం ఎప్పుడు అడుగుతుందా అని చూసేదాన్ని.

తొంభై ఆరు కార్తీకంలో నాలుగు రోజులు వాన విడవలేదు. ఐదో రోజు తెరిపిచ్చాక దాసు వచ్చాడు. గ్లాసు ఎత్తి చూశాడు. నీళ్ళు పల్చటి టీ రంగులో ఉన్నాయి. తాగకుండా పారబోశాడు.

"వాన నీరు కలిసిందేమోరా" అన్నాను.

"అంతే అయ్యుంటాది" అని నా మొహం చూడకుండా వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం చూస్తే, గట్టు కింద పాకలో ఉండే గణపతిరావు గారి గేదెల్ని విప్పి మెరక మీదకి తోలుకుపోతున్నాడు. పదకొండు గేదెలు, దూడలతో సహా. మా వాకిలి ముందు నుంచే.

"ఎక్కడికిరా?"

"పైన గడ్డుందప్పా."

"ఇక్కడ మోకాలెత్తు గడ్డుంది. పైనేటుంది?"

నేను దూడ పలుపు పట్టుకుని ఆపాను.

"నా కళ్ళలోకి సూసి సెప్పు."

అప్పుడు చెప్పాడు. గట్టు కుడి కొసన పునాది గట్టినేల తగిలేదాకా తవ్వాలట. వానలొచ్చేస్తున్నాయి, పూడ్చెయ్యమన్నారట గణపతిరావు గారు. వీడు పూడ్చేశాడు. అడుగున ఇసక పొర అలాగే ఉండిపోయింది. నేను ఊట అనుకున్నది చెరువు కారుతున్న చోటు.

"నీరు తేటగా ఉన్నంతకాలం బయం లేదప్పా. మట్టి కలిసొచ్చిందంటే లోపల గట్టు కొరుక్కుపోతన్నట్టే. అందుకే రోజూ వచ్చి సూసేను."

ఆరేళ్ళు నా గుమ్మంలో నిలబడి వాడు గట్టుకి నాడి చూసుకున్నాడు. నేను నూకరత్నం దగ్గర గొప్పలు పోయాను.

"మరి తూము తీసి నీళ్ళు వదిలెయ్యరేరా?"

"శనివారం సేపల లారీ వస్తాదంట. ఈ రెండ్రోజులూ ఎవులికీ సెప్పొద్దన్నారు. నువ్వు నోరెత్తితే ఊరంతా వచ్చి తూము తీసేస్తారని..."

"నాకెప్పుడు సెబుదామనుకున్నావు?"

"సాయంత్రం సెప్పేద్దునప్పా."

"గేదెలకి మద్దేనం, నాకు సాయంత్రం."

నూకరత్నాన్ని కేకేసి, పిల్లల్ని తీసుకుని అందర్నీ మెరకకి పొమ్మన్నాను. నేను మాత్రం లోపలికెళ్ళి పొయ్యి పక్కన కూర్చున్నాను.

"నాను కదల్ను. గట్టు కింద ఒక మనిషుందని ఎల్లి ఆ బాబుకి సెప్పు. తూము తీసేక లేస్తాను."

కాళ్ళు పట్టుకుని ఏడ్చాడు.

"ఆ ఏడుపేదో తూము కాడికెల్లి ఏడు" అన్నాను.

వెళ్ళాడు. అక్కడ జరిగింది నూకరత్నం చూసి చెప్పింది. గణపతిరావు గారు గొడుగేసుకుని గట్టు మీద నిలబడి, "తూము ముట్టుకున్నావంటే మళ్ళీ నా గడప తొక్కకు" అన్నారట. దాసు పీకల్లోతు నీళ్ళలో దిగి తూము కొయ్య పైకి లాగాడట. కాలవలో నీళ్ళ హోరు నాకు ఇంట్లోకే వినిపించింది. అప్పుడు లేచాను.

రెండు రోజులు పారింది. చెరుకు తోటల్లో జనం తువ్వాళ్ళతో చేపలు పట్టుకున్నారు. మూడో రోజు పొద్దున్న కుడి కొస బండి దారంత మేర కుంగి కూలింది. వెనక నీళ్ళు మోకాలి లోతే ఉన్నాయి కాబట్టి మా వాకిట్లోకి బురద వచ్చి ఆగింది. నా ఇల్లు నిలబడే ఉంది. నేనే అందులో ఉండలేక ఊళ్ళోకి వచ్చేశాను.

దాసుకి ఆ గడపలో పని పోయింది. ఊరు మాత్రం వాణ్ణి మెచ్చుకుంది. నీ కోసం ప్రాణం పెట్టాడు, ఇంకా ఏటే నీ కోపం అంటారు నన్ను. పెట్టాడు, కాదనను.

మొన్న వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"అప్పుడు నీకు ఇంకో సోటు దొరకలేదు కదప్పా. నాను సూసుకుంటాను కదా అనుకున్నాను."

"సూసుకున్నావురా. నాకు సెప్పలేదు."

అన్నం పెట్టాను. వాడు తింటున్నంతసేపూ పెరట్లో ఉన్నాను.