బంతి రెండో సగంలో ఉంది

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా తమ్ముడి కేసెట్ కథ ఇప్పటికీ పెళ్ళిళ్ళలో నవ్వుతూ చెప్పుకుంటారు. బంతి లేని ఫుట్‌బాల్ అట. మొదటి నుంచి చివరిదాకా వెతికినా బంతి కనిపించదట. అబద్ధం. చెప్పేవాళ్ళలో ఒక్కరూ ఆ కేసెట్ పూర్తిగా చూడలేదు. నేను చూశాను. బంతి ఉంది. రెండో సగంలో ఉంది.

తొంభైల మొదట్లో మాట. తమ్ముడు స్టాపర్ బ్యాక్. గోల్‌కీపర్ ముందు నిలబడి, దూసుకొచ్చే వాళ్ళను ఆపడం వాడి పని. ఆటగాళ్ళ కోటాలో రైల్వే ఉద్యోగానికి వాడికి ఆ ఏడే ఆఖరి అవకాశం, ఆ తర్వాత వయసు దాటిపోతుంది. నాన్న లోకో షెడ్డులో ఫిట్టరు. ఆయన రిటైరైతే క్వార్టరు ఖాళీ చేయాలి, ఇంట్లో ఇంకెవరికీ ఉద్యోగం లేదు.

అంతకుముందు కలకత్తా నుంచి రైల్వే జట్టు కోచ్ స్వయంగా రైలెక్కి వచ్చేవారు. మైదానం అంచున కుర్చీ వేసుకుని, ఎండలో కూర్చుని చూసి ఎంచుకునేవారు. ఆ ఏడు రాలేదు. వీడియో తీసి పంపితే చూస్తానని కబురు చేశారు. కలర్ టీవీలు వచ్చి, ప్రపంచ కప్పులో ఒక్కో గోల్‌నూ మెల్లగా తిప్పి తిప్పి చూపించడం మొదలయ్యాక మనిషి కళ్ళ మీద అందరికీ నమ్మకం పోయింది. మా మైదానంలోనూ గోల్ పడగానే "రీప్లే ఏదిరా?" అని అరిచేవాళ్ళు తయారయ్యారు.

కాలనీలో కెమెరా ఉన్నది పెళ్ళి వీడియోలు తీసే అతనికొక్కడికే. నాన్న అతనికి ఒకటే మాట చెప్పారు: "మా గుంటడు బాగా అగుపడాలి బాబూ."

అగుపడ్డాడు. పెళ్ళికొడుకు అగుపడినట్టు. బంతి అవతలి గోల్ దగ్గరున్నా కెమెరా తమ్ముడి మొహం మీదే ఉంది. నాకు అనుమానం వచ్చి ఇంటర్వెల్లో వెళ్ళి అడిగాను.

"బంతి పడుతోందా?"

"బంతెందుకక్కా? తమ్ముడు క్లోజప్‌లో ఏక్‌దమ్ హీరో! సెమట బొట్లు కూడా వచ్చీసినాయి."

"సెమట సూసి ఉజ్జోగం ఇత్తారేటి? బంతి తియ్యి!"

"అచ్ఛా అచ్ఛా, టెన్షన్ మత్ లో. ఆడపడుచులాగ మీద పడిపోతావేటి?"

రెండో సగమంతా అతని పక్కనే నిలబడి, భుజం పట్టుకుని తిప్పాను. అందుకే అది దొరికింది. కీపర్ కింద పడిపోయాడు. బంతి ఖాళీ గోల్‌లోకి పోతోంది. తమ్ముడు ఎక్కడినుంచి వచ్చాడో, గీత మీద పడి తలతో బయటికి కొట్టాడు. మైదానమంతా లేచి నిలబడింది. గోల్, బంతి, తమ్ముడు, మూడూ కేసెట్‌లో ఉన్నాయి.

సాయంత్రం వీసీఆర్ అద్దెకు తెచ్చి చూశాం. మొదటి సగంలో తమ్ముడు ఊరికే పరుగెత్తాడు, ఆగాడు, ఎవరినో తిట్టాడు, గాల్లోకి ఎగిరి పడ్డాడు. అమ్మ మురిసిపోయింది. "ఓలమ్మా, ఎలగ సిక్కిపోనాడే!"

"పిచ్చోడిలాగున్నానక్కా," అన్నాడు తమ్ముడు.

మర్నాడు పొద్దున్న తెలిసిన రైలు గార్డు ఆ కేసెట్‌ను కలకత్తా తీసుకెళ్ళాలి. కోసి అతికించే వ్యవధి లేదు. టేపును రెండో సగం దగ్గర ఆపి పంపుదామన్నాను. పెట్టగానే బంతి కనిపిస్తుంది కదా.

నాన్న ఒప్పుకోలేదు. "సగంలో ఆపీసిన కేసెట్టు పెద్దోలకి పంపుతారేటే? అద్దె కొట్టోడే మొదటికి తిప్పి ఇయ్యకపోతే తిడతాడు. ఆయన ఏటనుకుంతాడు?"

"ఏటైనా అనుకోనీ నాన్నా, ముందు బంతి సూడనీ!"

చదువుకున్నదాన్ని, మర్యాద తెలియనిదాన్నయ్యాను. ఆయన మీట నొక్కారు. టేపు గిర్రున మొదటికి తిరిగిపోయింది.

కొన్ని వారాలకు అదే గార్డు కేసెట్ వెనక్కి తెచ్చాడు. బంతి కనిపించడం లేదన్నారట కోచ్. అంతే కబురు. ఆ ఒక్క మాట పట్టుకునే కాలనీ ఇంతకాలం నవ్వింది. నేను కేసెట్ లాక్కుని దాని చిన్న కిటికీలోంచి చూశాను. ఆయన ఎక్కడ ఆపారో అక్కడే టేపు ఆగి ఉంటుంది కదా! లేదు. మొదటికి తిప్పేసి ఉంది. ఆయనా మర్యాదస్తుడే.

తమ్ముడు ఊరి పక్కనే సిర్గిట్టిలో ఒక ఫ్యాక్టరీలో చేరాడు. టీవీలో మ్యాచ్ వస్తే బయటికి వెళ్ళిపోతాడు. ఆ కోచ్ మొదటి సగం దాటలేదని నేను వాదిస్తూనే ఉన్నాను. ఒక్కసారే బదులిచ్చాడు: "ఆకరిదాకా సూసే వద్దనీసినారేమో అక్కా."

ఆ కోచ్‌గారు ఎక్కడున్నారో తెలియదు. ఉద్యోగం అడగను, ఆ వయసు దాటి చాలా కాలమైంది. అయ్యా, మీరు ఆ కేసెట్ ఎక్కడ ఆపారు? బంతి రాకముందా, వచ్చాకా?