వరి కోసినా ఖాళీ కాని చేను

మా డాబా మీద సోలార్ పలకలు పెట్టించి రెండేళ్లయింది. ప్రతి ఆదివారం పొద్దున్నే తడిగుడ్డ పట్టుకుని వాటిని తుడుస్తాను. మాది ఇబ్రహీంపట్నం. థర్మల్ స్టేషన్ పక్కన పెరిగినవాళ్లకు ఆ గుడ్డ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. నా చిన్నప్పుడు అమ్మ దండెం మీది బట్టలను దులిపి దులిపి లోపలికి తెచ్చేది. నాన్న ఆ స్టేషన్‌లోనే ఫిట్టరు. బొగ్గే మనకు అన్నం పెడుతోంది, బూడిదను తిట్టే హక్కు మనకు లేదనేవారు. నాకు మాత్రం ఎండతో కరెంటు అంటే మహా సంబరం. కనపడ్డవాళ్లందరికీ దాని గొప్ప చెప్పి విసిగిస్తానని మా ఆవిడ ఫిర్యాదు.

అలాంటి నాకు డిసెంబరు మొదటి వారంలో దీవెన పిన్ని వాయిస్ మెసేజ్ పంపింది. "సూర్యం, మా చేలల్లో సోలార్ పెడతారంట. కుర్రాళ్లు వద్దని బేనరు కట్టారు. నీకు దాని సంగతి తెలుసుగా, ఓసారి రా నాయనా." పిన్ని అంటే చుట్టం కాదు. ఆమె భర్త ఏసుదాసు బాబాయి, నాన్న ఒకే షిఫ్టులో పనిచేసేవారు, మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. ఆదివారం చర్చి నుంచి రాగానే పిన్ని కుంపటి మీద దిబ్బరొట్టె వేసేది. అడుగు ఎర్రగా మాడిన ఆ రొట్టె ముక్క కోసం నేను గోడ దూకేవాణ్ణి. ఆ రొట్టెకు మినుములు పామర్రు దగ్గరున్న వాళ్ల ఊరి నుంచి వచ్చేవి. తర్వాత వాళ్లు ఆ ఊరికే వెళ్లిపోయి రెండెకరాలు కౌలుకు తీసుకున్నారు. బాబాయి పోయాక కూడా పిన్ని ఆ కౌలు వదల్లేదు.

శనివారం పొద్దున ఆరుంబావుకు ఇబ్రహీంపట్నంలో సిటీ బస్సెక్కితే ఏడింటికి విజయవాడ బస్టాండ్‌లో ఉన్నాను. అక్కడి నుంచి మచిలీపట్నం వెళ్లే బస్సు ఏదైనా పామర్రులో ఆగుతుంది, టికెట్టు వందలోపే. కూర్చోవడానికి కిటికీ పక్క సీటు చూసుకోండి. కంకిపాడు దాటాక రెండువైపులా కోతలే. చిన్నప్పుడు నాన్నతో ఇదే దారిలో వస్తూ, ఉయ్యూరు రాగానే చెరుకు బళ్లు లెక్కపెట్టేవాణ్ణి. ఇప్పుడు పెళ్లిమండపాలు లెక్కపెట్టాను. ఎనిమిదిన్నరకు పామర్రులో దిగి, సెంటర్లో నాలుగిడ్లీ తిని ఆటో మాట్లాడుకున్నాను. ఊరు ఆరు కిలోమీటర్లు, నూట ఇరవై అన్నాడు. అది బ్యాటరీ ఆటో.

"సోలార్ వస్తే మీకు మంచిదే కదా" అన్నాను.

"మంచిదేనండి, పక్క ఊళ్లో పెడితే ఇంకా మంచిదండి" అన్నాడు డ్రైవరు. ఇద్దరం నవ్వుకున్నాం.

కాలవ వంతెన దగ్గర బేనరు కనపడింది. 'మా అన్నం ముద్ద మీద అద్దాలు వద్దు' అని రాశారు. పలకలను అక్కడ అద్దాలంటారు. దాన్ని చూడగానే నాకు కొంచెం ఒళ్లు మండింది. బూడిద ఏనాడైనా దులిపారా వీళ్లు అనుకున్నాను. పిన్నికి నచ్చజెప్పడానికి నాలుగు వాదనలు మనసులో పేర్చుకుంటూ చేను వైపు నడిచాను. వరి కోసేసి పనలు పరిచి ఉన్నాయి. అవతలి గట్టు మీద పిన్ని నిలబడి ఉంది. అడ్డదారిన వెళ్దామని చేలో కాలు పెట్టాను.

"కాలు తియ్యి! గట్టెక్కు ముందు" అని అరిచింది. నలభై ఏళ్లలో పిన్ని నన్ను కసరడం అదే మొదటిసారి.

గట్టెక్కి వంగి చూశాను. వరి మోళ్ల మధ్య నేలంతా రెండాకుల మొలకలు. నా చెప్పు కింద నాలుగైదు నలిగాయి. "కోతకి నాలుగు రోజుల ముందే, నిలబడ్డ వరిలో మినుములు చల్లేస్తాం. ఆ తడికే మొలుస్తాయి" అంది పిన్ని. కోత మిషను తిరిగితే మొలక చస్తుందని కూలీలను పెట్టి కోయించింది. వడ్లన్నీ కౌలు కిందికీ ఖర్చుల కిందికీ పోతాయి, ఆమెకు మిగిలేది ఈ మినుములే. చిన్నప్పుడు నేను తిన్న ప్రతి రొట్టె ఇలా మొలిచిందేనని అప్పటిదాకా నాకు తెలియదు. చాలా సిగ్గేసింది.

ఆమె నన్ను పిలిచింది సోలార్ ఆపడానికి కాదు. చేను యజమాని రంగయ్యగారు విజయవాడలో ఉంటారు. సోలార్ కంపెనీతో ఆయన రాసుకున్న కాగితంలో 'వరి కోత కాగానే ఖాళీ చేనుగా అప్పగించాలి' అని ఉంది. సోమవారం చదును చేసే బండి వస్తుంది. "నేను చెప్తే బతిమాలినట్టుంటది. నువ్వు చెప్పు" అంటూ ఫోను కలిపి నా చేతికిచ్చింది. స్పీకర్ పెట్టాను.

"నమస్కారమండీ. దీవెనమ్మగారికి కొడుకు వరసండీ నేను" అన్నాను.

"సోలార్ వద్దని చెప్పడానికేనా అండీ? మోకాళ్లు పోయినవాణ్ణి, నా తర్వాత చేను చూసేవాళ్లు లేరు" అన్నారాయన.

"వద్దనట్లేదండీ, మా డాబా మీద నాకూ ఉన్నాయి. కానీ సోమవారానికి చేను ఖాళీగా ఉండదండీ."

"కోత అవలేదా?"

"అయిందండీ. మినుము చల్లారు."

"చల్లేసిందా?" అన్నారు. "మొలకొచ్చిందా?"

"రెండాకులేసిందండీ."

"ఆ కాగితం రాసిందెవరో గాని, నేనైనా చూసుకోవాల్సింది. కోత కాగానే చేను ఖాళీ ఏమిటి, నా బుద్ధి ఏమైంది?" అని తనను తానే తిట్టుకున్నారు. "విత్తు చల్లిన చేను వెనక్కి అడక్కూడదండీ. మా నాన్న ఏనాడూ అడగలేదు. మినుము ఇంటికొచ్చాకే బండి దింపమంటాను. ఆ తర్వాత మాత్రం ఏమీ అనుకోవద్దని చెప్పండి ఆవిడకి."

"ఏమనుకుంటానండీ, ఇన్నేళ్లు తిన్న చేను" అంది పిన్ని ఫోను దగ్గరికి వంగి.

మధ్యాహ్నం ఆమె దిబ్బరొట్టె వేసింది. ఇప్పుడు గ్యాసు మీదే గాని, అడుగు అలాగే మాడ్చింది, నాకోసం. ఆ ముక్క నోట్లో పెట్టుకోగానే నాన్న, బాబాయి, ఆ మధ్యగోడ అన్నీ గుర్తొచ్చి ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుని, వచ్చే ఏడు ఏం చేస్తావు పిన్నీ అని అడిగాను.

"అద్దాలు తుడవడానికి మనుషులు కావాలంటగా. నువ్వు ఆదివారాలు తుడుస్తావుగా, ఎలాగో నేర్పు. మీ ఊళ్లో బూడిద దులిపినదాన్ని, ఆ మాత్రం చెయ్యలేనా?"

పేర్చుకెళ్లిన నాలుగు వాదనలూ నా దగ్గరే ఉండిపోయాయి. అవి తప్పని ఇప్పటికీ అనను. బొగ్గు తగ్గాలి, మా దండెం మీద బట్టలు తెల్లగా ఆరాలి. కానీ నా పలకల కింద ఉన్నది సిమెంటు, అక్కడ ఎప్పుడూ ఏదీ మొలవలేదు. అందుకే నాకు సోలార్ అంత సులువుగా నచ్చింది. సాయంత్రం నాలుగున్నర బస్సుకు తిరిగి వచ్చేశాను. మర్నాడు డాబా ఎక్కి, తుడిచే పద్ధతి అంతా వీడియో తీసి పిన్నికి పంపాను. ఆ చేను బదులు పిన్నికి మిగిలేది ఈ తడిగుడ్డేనని తలచుకుంటే, అంత చేదైన పని నేనెప్పుడూ చేయలేదనిపించింది.

డిసెంబరులో డెల్టా చూడబోయేవారికి ఒక్క మాట. వరి కోసిన చేను ఎంత ఖాళీగా కనపడినా అందులో దిగకండి, గట్టు మీదే నడవండి.