బేస్‌మెంట్‌లో రాకుమారుడి కథ

షికాగో పక్కనున్న నేపర్‌విల్‌లో మా తెలుగువాళ్ల మధ్య ఒక పద్ధతి ఉంది. పిల్లలకి కాలేజీ సీటు వస్తే ఆ మాట పిల్లలు చెప్పరు. ఇంటికో వంట తెచ్చుకుని కలిసి తినే శనివారం పాట్‌లక్‌లో తండ్రి లడ్డూల డబ్బా తెరిచి చెబుతాడు. చెప్పేటప్పుడు ఏదో వచ్చిందిలెండి అన్నట్టు కాస్త విసుగు నటించాలి. ఆ నటన నాకు బాగా వచ్చు.

మా అమ్మాయికి సీటు వచ్చింది. చదివేది ఇంజినీరింగే గానీ, చదివించేది అమెరికా నౌకాదళం. చదువయ్యాక వాళ్ల ఓడల మీద ఆఫీసరుగా పనిచేయాలి. తొమ్మిదో క్లాసు నుంచీ తను కోరుకున్నది అదే. ఉత్తరం నా చేతిలో పెట్టి, "శనివారం నువ్వే చెప్పాలి నాన్నా" అంది. సరేనన్నాను గానీ ఎలా చెప్పాలా అని భయం పట్టుకుంది. మా వాళ్ల పిల్లలు డాక్టర్లవుతారు, లేదా కంప్యూటర్ల ముందు కూర్చుంటారు. సైన్యంలోకి వెళ్లారంటే చదువు అబ్బలేదని అనుకుంటాం. ఒకాయన కొడుకు గురించి ఆ మాట నేనే అన్నాను, చేతిలో ప్లేటు పట్టుకుని, నవ్వుతూ.

ఆ శనివారం వంతు మాదే. స్కూల్లో చరిత్ర పోటీ ఉంది, మీ ముందు ఒకసారి ప్రాక్టీస్ చేస్తానని మా అమ్మాయి అందరినీ మా ఇంటి కింది బేస్‌మెంట్‌లో కూర్చోబెట్టింది. తను చెప్పింది ఆస్ట్రియాలో పుట్టిన ఒక జర్మన్ రాకుమారుడి కథ. పద్నాలుగేళ్లకే బ్రిటిష్ నౌకాదళంలో చేరాడట. నలభై ఏళ్లకు పైగా అందులోనే పనిచేసి, చివరికి దానికే అధిపతి అయ్యాడు. అంతలో జర్మనీతో యుద్ధం వచ్చింది. ఇతను మనవాడు కాదంటూ పత్రికలు వెంటపడ్డాయి. ద్రోహం చేశాడనడానికి ఒక్క ఆధారం లేకపోయినా రాజీనామా ఇచ్చి తప్పుకోవాల్సి వచ్చింది. మా అమ్మాయి కూడా హైదరాబాద్‌లో పుట్టి, రెండేళ్లప్పుడు ఇక్కడికి వచ్చిన పిల్ల.

అందరూ చప్పట్లు కొట్టారు. రోజూ నాతో పాటు షికాగో రైలెక్కే స్నేహితుడు అడిగాడు.

"ఇంతమంది ఉండగా ఈయన్నే ఎందుకు పట్టుకున్నావమ్మా? నేవీలో జాయిన్ అవుతావా ఏంటి?"

బేస్‌మెంట్ అంతా నవ్వింది. తను నవ్వలేదు, నా వైపు చూసింది. లడ్డూల డబ్బా నా చేతిలోనే ఉంది. అంతకంటే మంచి సమయం ఇంకెప్పుడొస్తుంది?

"అబ్బే, స్కూల్ వాళ్లిచ్చిన టాపిక్ అండీ" అన్నాను. "దీనికి ఇంజినీరింగ్ వచ్చింది, స్టేట్ యూనివర్సిటీలో. తీసుకోండి, స్వీట్ తీసుకోండి."

మా ఆవిడ తలెత్తలేదు. అమ్మాయి మాత్రం "థ్యాంక్యూ అంకుల్, థ్యాంక్యూ ఆంటీ" అంటూ అందరికీ ప్లేట్లు అందించింది. నన్ను పక్కకి పిలిచి నాలుగు దులిపేసినా బాగుండేది. రాకుమారుణ్ని కాదన్నది ఊరూపేరూ తెలియని జనం. నా కూతుర్ని నేనే కాదన్నాను, కన్నతండ్రిని. మర్నాడు పొద్దున, "తర్వాత మెల్లగా చెబుదాంలేమ్మా" అని సర్దిచెప్పబోయాను. "ఓకే నాన్నా" అంది, అంతే. ఆ తర్వాత ఎన్ని శనివారాలు వచ్చాయో. ప్రతిసారీ చెప్పేద్దామనే వెళ్లేవాణ్ని, తినేసి వచ్చేవాణ్ని. సిగ్గులేని బతుకు.

ఆగస్టులో, నౌకాదళంలో చేరే పిల్లల చేత కాలేజీలో ప్రమాణం చేయించే రోజు వచ్చింది. అమ్మాయి పార్కింగ్ దాకా మాకెదురొచ్చింది, తెల్లటి యూనిఫాంలో, జుట్టు బిగించి కట్టుకుని. ఎంత బాగుందో నా తల్లి. నా కళ్లు చెమర్చాయి, ఫొటో తీద్దామని గబగబా ఫోన్ తీశాను. నా కంగారు చూసి, ఫొటో మనవాళ్లెవరికైనా వెళుతుందేమోనని నేను భయపడుతున్నాననుకుందో ఏమో, దగ్గరికొచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది.

"డోంట్ వర్రీ నాన్నా. నా ఫొటోలు ఆన్‌లైన్‌లో పెట్టొద్దని కాలేజీ వాళ్లకి చెప్పాను. మీ సీట్స్ కూడా లాస్ట్ వరసలో అడిగాను. మన వాళ్లు ఎవరూ చూడరు."

తల కొట్టేసినట్టయింది. ఆ మాటలో ఎత్తిపొడుపు ఏమాత్రం లేదు. నిజంగానే నాకు ధైర్యం చెబుతోంది.