గాజుల పెట్టెలో గండుచీమలు

మా అత్త పోయిందని బావ ఫోన్ చేసినప్పుడు నేను ఆమదాలవలసలో, బడిలో పిల్లల చేత ఎక్కాలు అప్పజెప్పించుకుంటున్నాను. "అమ్మ ఎల్లిపోనాదే. పొద్దున్న టీ పట్టుకెల్తే లెగనేదు" అన్నాడు. ఏడుపు రావలసిన చోట నాకు ముందు ఒక ప్రశ్న వచ్చింది. ఇవాళ చీమలకి నీళ్ళు ఎవరు పెట్టారు? చావు కబురు చెప్తున్న మనిషిని చీమల గురించి అడిగితే బాగుండదని నోరు మూసుకున్నాను. బాగుండదని నోరు మూసుకోవడం మా ఇంట్లో అందరికీ ఉన్న జబ్బు. అత్తకి మాత్రం ఉండేది కాదు.

ఆవిడ మా నాన్న చెల్లెలు. నరసన్నపేట బజారులో ఆవిడకి గాజుల కొట్టు ఉండేది. పెళ్ళిళ్ళ రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు ఆ కొట్టు ముందు కిక్కిరిసి ఉండేవారు. ఎంత బిగువు గాజైనా నొప్పి తెలియకుండా ఎక్కించేది. మావయ్య పోయాక ఆ చెయ్యి ఎవరికీ అక్కర్లేకపోయింది. కొట్టుకొచ్చిన వాళ్ళు గడప దగ్గరే ఆగి "మీ కోడలు లేదా?" అని అడిగేవారు. భర్త పోయినావిడ చేత పెళ్ళిగాజులు ఎవరు వేయించుకుంటారు? ఆ మాట మొహం మీద ఎవరూ అనలేదు, అందరూ మర్యాదస్తులే. మెల్లగా రావడం మానేశారు, అంతే. బావ దాన్ని సెల్‌ఫోన్ల కొట్టు చేశాడు. గాజులు పెట్టే అద్దాల పెట్టెలు బయట పడేస్తుంటే ఒకదాన్ని అత్త తన గదికి మోయించుకుంది. "ఏటి సేస్తావమ్మా దీన్ని?" అని బావ అడిగితే "నాకూ తెల్దురా. ఉండనీ" అందట.

ఆ ఏడు మొదటి పెద్ద వాన కురిసిన సాయంత్రం గదిలో లైటు చుట్టూ రెక్కల చీమలు ముసిరాయి. కోడలు చీపురు తెచ్చేలోగా ఒక పెద్ద గండుచీమ బల్ల మీద దిగి, తన రెక్కలు తనే విరుచుకుని నడిచి వెళ్ళిపోతుంటే అత్త మందుసీసాలో పట్టింది. అప్పుడు నేను అక్కడే ఉన్నాను. సీసాని కళ్ళజోడు దగ్గరగా పెట్టుకుని ఎంతసేపో చూసింది. "గాజులు తీసినప్పుడు నాను వారం రోజులు ఏడిసినానే. ఇది సూడు, రెక్కలు తీసి పక్కన పడేసి పన్లోకెల్లిపోనాది" అంది. అందరం నవ్వాం. ఆవిడ నవ్వలేదని ఇంటికొచ్చాక గుర్తొచ్చింది.

అలా మొదలైంది. సీసా అడుగున నీళ్ళు, వాటి మీద దూది, పైన ఆ తల్లి చీమ. సీసాకి నల్లగుడ్డ చుట్టి బీరువా వెనక పెట్టింది. ఎవరు చూస్తామన్నా ఒప్పుకునేది కాదు. "ఒంటరిగా ఉన్న తల్లిని కదపకండి. బెదిరితే దాని గుడ్లు అదే తినేస్తాది" అనేది. కొంత ఫోన్‌లో చూసి నేర్చుకుంది, కొంత పాడుచేసి నేర్చుకుంది. శ్రావణం వెళ్ళేసరికి మొదటి పిల్లలు వచ్చాయి, పాలిపోయి, నువ్వుగింజ కంటే కాస్త పెద్దవి. అన్నాళ్ళూ ఆ తల్లి ఒక్క మెతుకు తినలేదు. ఆ వేళ అత్త నాకు ఫోన్ చేసి "ఒసే గుంటా, పురుడు వచ్చేసినాది" అంటే నేను నిజంగానే ఎవరికి అని అడిగాను.

పిల్లలు పెరిగాక వాటికి గాజుల పెట్టె ఇల్లయింది. అడుగున ఇసక, పెంకుముక్కలు, ఒక మూల మూతికి దూది కుక్కి అడ్డంగా పడుకోబెట్టిన నీళ్ళ సీసా. గోడ ఎక్కి రాకుండా అంచుల లోపల మొహానికి రాసుకునే పౌడరు స్పిరిట్లో కలిపి పూసేది. మొదట్లో బెల్లంపాకం గిన్నెతో పెడితే కొన్ని అందులో పడి చచ్చాయి. ఆ పూట అన్నం తినలేదు. ఆ తరవాత చొక్కా బొత్తాం మీద ఒక్క చుక్క పాకం వేసి పెట్టేది. గుడ్డుముక్క, ఎండు నెత్తళ్ళ తలలు, ఇంట్లో నీచు వండని కార్తీకంలో బొద్దింక కాలు. వానాకాలమంతా గుడ్లు, తెల్లని పురుగులు, బియ్యపుగింజల్లాంటి గూళ్ళు. చలి ముదిరితే అన్నీ సీసా మూతి దగ్గర ముద్దగా చేరి కదిలేవి కావు. "సచ్చిపోనాయా అత్తా?" అంటే "నీ మొకం. సంక్రాంతి సెలవలు నీకేనా?" అనేది. మాఘం వెళ్ళాక మళ్ళీ సందడి. ఎండాకాలం ఆవిడ దేనికీ ఊరు కదిలేది కాదు. ఎండల్లో సీసా వారం తిరక్కుండా ఆరిపోతుంది మరి. "తీపి ఎవులైనా పెడతారే. నీలు పెట్టినోలే మనోలు" అనేది. అలా నాలుగు వానాకాలాలు గడిచాయి. పెట్టె నిండిపోయింది.

ఊళ్ళో ఆవిడ పేరు చీమలమ్మ అయింది. కోడలు, అంటే నాకు అక్క వరస, వచ్చిన ప్రతి చుట్టంతోనూ "మా అత్తకి మతి సలించినాది" అని చెప్పుకునేది. ఒకసారి అందరం శ్రీకూర్మం వెళ్ళాం. గుళ్ళో తాబేళ్ళకి అక్క భక్తిగా తోటకూర పెడుతుంటే అత్త పక్కనే నిలబడి "తాబేలుకి పెడితే పున్నెం, సీమకి పెడితే పిచ్చీనా?" అంది. అక్క మిగిలిన తోటకూర నా చేతిలో పెట్టి విసవిసా బయటికి నడిచింది. నాకు మాత్రం ఆ రోజు దర్శనం బాగా అయినట్టనిపించింది.

ఆవిడ ఫాల్గుణంలో పోయింది, ఆ గదిలోనే. నేను వెళ్ళేసరికి పంతులుగారు పంచాంగం చూసి ధనిష్ఠలో పోయిందని తేల్చారు. మంచి నక్షత్రం కాదు, ఆరు నెలలు ఆ గది మూసి ఉంచాలి. "అవసరమైనవేవో బయట పెట్టేసుకోండి" అని కూడా చెప్పారు. సాయంత్రం దహనం అయ్యాక, చీమల పెట్టెనీ బయట పెడతారులే అనుకుని నేను ఇంటికి వెళ్ళిపోయాను. మూడో రోజు వచ్చి చూస్తే గదికి తాళం. హాల్లో అత్త బీరువా, టీవీ, సగం వాడిన బియ్యం బస్తా, ఖాళీ గ్యాస్ బండ, గోడ గడియారం ఉన్నాయి. అవసరమైనవన్నీ గడప దాటాయి. చీమల పెట్టె ఏదీ అని అడిగాను.

"లోపలే ఉన్నాది" అన్నాడు బావ.

"తాళం ఇవ్వు బావా. ఒక్క నిమిషం. ఇంకా సీసాలో నీలు ఉంతాయి, ఇప్పుడు తీస్తే బతుకుతాయి."

"ఏసీసిన తాళం తియ్యకూడదంట."

"గ్యాస్ బండకి ఉన్న పాటి విలవ నేదా వాటికి?"

బావ వంటింటి వైపు చూశాడు. అక్క వంటింట్లోంచి వచ్చింది. వెనకాల వాళ్ళ అమ్మాయి, ఏడో నెల కడుపుతో, గోడ పట్టుకుని నిలబడింది. అక్క గొంతు పెంచలేదు. "దీనికి ముందొక కడుపు పోనాది. నీకు తెల్సు గదా. నువ్వు తలుపు తీసినాక దీనికేదైనా అయితే ఎవులు పూసీ?" అంది. అక్క మీద నాకున్న కోపమంతా అక్కడే ఇరుక్కుపోయింది. అక్క చెడ్డది కాదు, భయపడుతోంది. అత్త బతుకంతా ఇలాంటి భయాలే తిన్నాయి. నేను వరండాలోకి వెళ్ళి కూర్చున్నాను.

పదో రోజున పంతులుగారినే అడిగాను. "చీమలకి నక్షత్రం ఏముందమ్మా? ఒక్కసారి తెరిచి తీసుకుని, చిన్న శాంతి చేయించుకుంటే సరిపోతుంది. మీవాళ్ళ ఇష్టం" అన్నారు. పరుగున వచ్చి బావకి చెప్పాను. బావ అక్క వంక చూశాడు. అక్క కూతురి పొట్ట వంక చూసింది. మాట అక్కడితో తెగింది.

పన్నెండో రోజు భోజనాలప్పుడు చాలామంది వచ్చారు. గాజులు వేయించుకోవడం మానేసిన ఆడవాళ్ళు కూడా వచ్చి "ఆ సెయ్యి మల్లీ రాదమ్మా, ఎన్నలాంటి సెయ్యి" అని కళ్ళొత్తుకున్నారు. ఫొటో ముందు ఆవిడకి ఇష్టమైన గారెలు, పులిహోర పెట్టారు. వాటికి చీమలు పట్టకుండా విస్తరి చుట్టూ మందుసుద్దతో గీత గీశారు. ఆవిడ ఫొటో ముందు! నేను లేచి తడిగుడ్డతో ఆ గీత తుడిచేశాను. అక్క మళ్ళీ గీసింది. అందరూ చూస్తున్నారని ఊరుకున్నాను. జబ్బు అని ముందే చెప్పాను కదా.

ఆ తరవాత ప్రతి ఆదివారం ఏదో ఒక వంకతో నరసన్నపేట వెళ్ళాను. చైత్రం ఎండకి ఆ గది కిటికీ రెక్కలు ముట్టుకుంటే చెయ్యి కాలేది. ఒకరోజు ఇంట్లో ఎవరూ చూడకుండా చెంబుతో నీళ్ళు తెచ్చి తలుపు కింది సందులోంచి లోపలికి పోశాను. పెట్టె బల్ల మీద ఉంది. నీళ్ళు నేల మీద పారతాయి. ఆమాత్రం నాకు తెలుసు, పిల్లలకి పాఠం చెప్పేదాన్ని. అయినా ఇంకో చెంబు తెచ్చి పోశాను. అది కూడా అయ్యాక తలుపుకి ఆనుకుని కూర్చుని, అత్త పోయిన రోజు రాని ఏడుపంతా ఏడ్చాను. అక్క వచ్చి చూసింది. గుడ్డ తెచ్చి గడప తుడిచింది.

అమ్మాయికి వైశాఖంలో మగపిల్లాడు పుట్టాడు. తల్లీ బిడ్డా క్షేమం. నాకూ సంతోషమే, ఎత్తుకుని ముద్దు పెట్టుకున్నాను. "తలుపు తియ్యనేదు కాబట్టి సరిపోనాది" అని అక్క అందరితోనూ అంది. నాతో కూడా అంది. పిల్లాడు నా ఒళ్ళో ఉండగా ఏమని జవాబు చెప్పను? అవునన్నట్టు తల ఊపాను. అలా తల ఊపినందుకు నా మీద నాకు ఇప్పటికీ మంటే.

మొన్న గడువు తీరింది. గుమ్మడికాయ కొట్టి, పాలు పొంగించి తలుపు తీశారు. గదిలో మూసిన వాసన, నేల మీద దుమ్ము. నేను తిన్నగా బల్ల దగ్గరికి వెళ్ళాను. పెట్టె అద్దాలు మాసిపోయాయి. చీర కొంగుతో తుడిచి చూశాను. సీసా పొడిగా ఉంది, నీళ్ళున్న మేర గాజు మీద తెల్లటి చార. మూతి దగ్గర దూదిని పోగు పోగుగా లాగేశాయి. తడి కోసం ఎంత తవ్వాలో అంతా తవ్వాయి.

గండుచీమలు చచ్చినవాటిని పడినచోట వదిలేయవు. నోట కరుచుకుని ఒక మూలకి చేర్చి పెడతాయి. ఎండిపోతూ కూడా ఆ పని మానలేదు. పెట్టె మధ్యంతా ఖాళీగా, ఊడ్చినట్టు ఉంది. కుడివైపు మూల నల్లటి కుప్ప. తల్లి కూడా ఆ కుప్పలోనే ఉంది, ఒళ్ళు పెద్దది కాబట్టి తెలిసింది.

అక్క నా భుజం మీదుగా తొంగిచూసింది. "ఎంత సుబ్బరంగా ఉన్నాయో సూడు, అన్నీ ఒక్క దగ్గరే. తుడుసుకోడం తేలిక" అని చీపురు కోసం వెళ్ళింది.

అన్నీ ఒక్క దగ్గర లేవు. కుప్పకి జానెడు దూరంలో, ఇసక మీద ఒక చీమ కుప్ప వైపే తల పెట్టి పడి ఉంది. దాని నోట్లో ఇంకో చీమ ఉంది. మోసుకెళ్తూ మోసుకెళ్తూ దారిలో ఆగిపోయింది. ఆ రెంటినీ మోయడానికి వెనక ఎవరూ లేరు.