తోకకు కత్తెర గుర్తు

మొన్న టీవీలో సముద్రం చూపించారు. కొంత మేర వేట మాన్పించి, లోపల చేపలు పెరుగుతున్నాయో లేదో తెలుసుకోవడానికి వాటికి గుర్తులు కట్టి వదులుతున్నారట. మా మామగారు ఆ పని 1985 వేసవిలోనే చేశారు, అచ్చంపేట వైపు మా ఊరి కృష్ణలో. 84 అని మావారు అంటారు గానీ, తప్పు.

చేపలు తగ్గిపోతున్నాయని మామగారు ఊరిని ఒప్పించి, ఏటి మడుగులో ఏడాదిపాటు వల వేయకూడదని కట్టుబాటు పెట్టించారు. ఎగువ బండకొకటి, దిగువ బండకొకటి హద్దులుగా సున్నపు గీతలు గీశారు. గీతలు గీసిన రోజునే ఒక్కసారి వల వేయించి, పడిన ప్రతి బొచ్చె చేప తోక కొసనూ అత్తగారి కుట్టుకత్తెరతో కత్తిరించి మళ్లీ నీళ్లలో వదిలారు. తర్వాత పట్టినప్పుడు పెరుగుదల తెలుస్తుందని. అత్తగారు ఇక ఆ కత్తెర ముట్టుకోలేదు, రవికలు నీచు కంపు కొడతాయని.

ఏడాది తిరిగింది. కట్టుబాటు ఉంచాలా, తీయాలా అని సాయంత్రం పంచాయతీ అరుగు మీద మాట. చేపలు పట్టి బతికే అన్నయ్య ఒకడుండేవాడు. చుట్టరికం లేదు, వరసే. మామగారిని "మామా" అనేవాడు, ఆయన "అల్లుడూ" అనేవారు. వారం నుంచీ ఊరంతా తిరిగి, "మామ ఆ గీత మా కడుపు మీద గీశాడు. దిగువన ఒక్క చేప పడితే ఒట్టు" అంటున్నాడు. ఊరు అతని వైపే మొగ్గింది. మేలు కనబడకపోతే సున్నం తానే కడుగుతానని మామగారు ముందే మాటిచ్చి ఉన్నారు.

ఆ మధ్యాహ్నం చేపల పులుసు. తోక ముక్కంటే ప్రాణమైన మామగారు దాన్ని నోటిదాకా ఎత్తి ఆగిపోయారు. కొస సగం పూడినా, కత్తెర వంకర తెలుస్తూనే ఉంది.

"ఏమే, ఇది నేను కత్తిరించిన తోక! నా ఇంట్లోనే దొంగచేపా?"

"దొంగదేంది? పొద్దున మీ అల్లుడి పెళ్లామే తట్టలో తెచ్చింది. బేరమాడి మరీ కొన్నా" అన్నారు అత్తగారు.

మామగారు తోకను విస్తరాకులో చుట్టి దాచి, సాయంత్రం అరుగు దగ్గరికి నడిచారు. పులుసు వాసనకు రెండు కుక్కలు వెంటపడ్డాయి, వాటి వెనక మేము. ఆకు విప్పగానే అన్నయ్య మొహం పాలిపోయింది.

"మడుగులో వల ఏయలా మామా! బిడ్డల మీదొట్టు! దిగువ బండ దాటినాకే పడింది."

"దిగువన ఒక్కటీ పడటంలా అంటివిగా?"

"ఒక్కటేంది, చానా పడ్డయ్! బరువుకి వల చిరిగింది, కావాలంటే వచ్చి చూడు!" అనేసి నాలిక్కరుచుకున్నాడు.

"అదేరా నాక్కావాల్సింది. లోపల పెరిగి, ఇరుకై, నీ వల్లోకే వచ్చిందిరా!" అన్నారు మామగారు. అరుగంతా నవ్వులు. కట్టుబాటు నిలిచింది. మర్నాడు గీతలు మళ్లీ దిద్దడానికి సున్నం బక్కెట పట్టుకుని ఆయన వెంట వెళ్లింది ఆ అన్నయ్యే.

ఇప్పటికీ నా కంచంలో తోక ముక్క పడితే తిప్పి చూస్తాను. కత్తెర గుర్తు వారసత్వంగా రాదని తెలుసు. ఇన్నేళ్లలో ఆ చేపల మునిమనవలకు మునిమనవలు కూడా ఈది వెళ్లిపోయి ఉంటారనీ తెలుసు. అయినా ఒకసారి చూసిగానీ ముద్ద కలపను.