ఒప్పుకుంటే పోతది

దయాసాగర్ తన సర్వీసులో చాలా తప్పులు ఒప్పుకున్నాడు. అందులో నిజంగా చేసినవి కొన్నే.

గోదావరిఖనిలో బొగ్గుబాయి పనికి పోయే ఎవరిని అడిగినా ఆ పద్ధతి చెబుతారు. నాగాలు ఎక్కువైనా, షిఫ్టులో ఏదైనా తేడా జరిగినా కంపెనీ ఛార్జిషీటు చేతిలో పెడుతుంది. నేను చేయలేదని వాదించడం మొదలుపెడితే విచారణ నెలల తరబడి సాగుతుంది, హాజరు మస్టర్లు పోయి జీతం తెగుతుంది, ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులు అరుగుతాయి. అదే, ‘తప్పు జరిగింది, ఇకముందు జరగనివ్వను, ఈసారికి మన్నించగలరు’ అని రాసి సంతకం పెడితే వార్నింగ్‌తో పోతుంది. ఆ ముక్క కార్మికులందరికీ కంఠతా వచ్చు. చర్చిలో చేసే ప్రార్థనలోనైనా దయాసాగర్ ఎక్కడో ఒకచోట తడబడతాడేమో గాని, ఇందులో మాత్రం తడబడడు.

ఆయన తండ్రి మందమర్రి బాయిలో తట్ట మోసినవాడు. దయాసాగర్ గనిలో పైకప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టే పని చేశాడు. ఒకసారి ముందు షిఫ్టువాళ్లు నిలబెట్టిన దిమ్మె జారిపడితే ఛార్జిషీటు ఈయనకొచ్చింది. ఈయన నోరెత్తకుండా సంతకం పెట్టి ఇంటికొచ్చాడు. భార్య హన్నా ఊరుకోలేదు.

“చెయ్యని తప్పు నెత్తినెందుకు ఏసుకున్నవయ్యా?”

“నెత్తినేసుకున్న గాబట్టి రేపు డ్యూటీకి పోతున్న. కొట్లాడితే ఇంట్ల కూసుంటుంటి.”

హన్నాకు ఆ లెక్క మింగుడుపడలేదు. కాని నెల తిరిగేసరికి జీతం పూర్తిగా వచ్చింది కాబట్టి ఆమె కూడా ఇక ఆ మాట ఎత్తలేదు. అట్లా ఇల్లు గడిచింది, పిల్లాడు పెరిగాడు.

ఆ పిల్లాడు రిచర్డ్. చర్చిలో కీబోర్డు వాయిస్తూ మొదలుపెట్టి, ఎప్పుడు దారి మళ్లాడో గాని, ల్యాప్‌టాప్‌లో సొంతంగా సంగీతం తయారు చేయడంలో పడ్డాడు. అందులో మాటలుండవు, రాగం తీసేవాళ్లుండరు. బీటు ఒక్కటే మెల్లగా మొదలై, పొరమీద పొర పేరుకుంటూ పోతుంది. “మాటల్లేంది పాటెట్లయితదిరా?” అని దయాసాగర్ అడిగితే రిచర్డ్ నవ్వి ఊరుకునేవాడు. పగలు మొబైల్ రిపేరు షాపులో పని. మిగతా ధ్యాసంతా ఆ పెట్టెలోనే. ఊళ్లో అలాంటి పిచ్చి ఉన్నవాళ్లు ఇంకొందరు పోగయ్యారు. దవాఖాన నర్సులు, డంపర్ నడిపే కుర్రాళ్లు, శ్రీరాంపూర్ నుంచి బండి మీద వచ్చే ఒక టీచరమ్మ. ఎక్కడో ఒకచోట కలిసి, రిచర్డ్ వాయిస్తుంటే ఆడేవాళ్లు. ఎక్కడన్నది గంట ముందు ఫోన్లకు వచ్చేది. దాన్ని వాళ్లు అండర్‌గ్రౌండ్ పార్టీ అనుకునేవాళ్లు. ఆ పేరు మొదటిసారి విన్నప్పుడు దయాసాగర్ లేచి వీధి తలుపు మూశాడు. ఆయన వయసువాళ్లకు ఈ ప్రాంతంలో ఆ మాటకు అడవిలో అన్నలు గుర్తొస్తారు, నృత్యం గుర్తురాదు.

చాటుగా ఎందుకు చేయాలి అంటే, బాజాప్తా చేసే దారి దొరకలేదు కనుక. రిచర్డ్ ముందు స్టేషన్‌కు వెళ్లి అనుమతి అడిగాడు. స్థలం కంపెనీది కాబట్టి వాళ్ల దగ్గర నుంచి తెమ్మన్నారు. కంపెనీ ఆఫీసుకు పోతే ముందు పోలీసులను అడిగి రమ్మన్నారు. రెండు వైపులా తిరిగి తిరిగి విసుగొచ్చి మానేశాడు. ఈ ఊళ్లో డీజే లేకుండా పెళ్లి బరాత్ కదలదు, నిమజ్జనం కదలదు, చోటా లీడరు పుట్టినరోజైనా జరగదు. కిటికీలు అదురుతుంటే అందరూ ఓర్చుకుంటారు. పెళ్లీ కాక పండుగా కాక ఉత్తగనే ఆడతామంటే మాత్రం అందరికీ అనుమానమే. సంతోషానికి కూడా కారణం చూపించాలి మరి.

ఆ ఏడాదే దయాసాగర్ మోకాళ్లు, ఊపిరితిత్తులు రెండూ మొరాయించాయి. మెడికల్ బోర్డు ఆయన్ను అన్‌ఫిట్ చేసింది. ఇంట్లో ఏడుపు లేదు, పండుగే. అన్‌ఫిట్ అయితే కొడుక్కు డిపెండెంట్ ఉద్యోగం వస్తుంది. రిచర్డ్‌కు వయసు పరిమితి దాటడానికి ఎక్కువ కాలం లేదు. దాటితే ఆ ఉద్యోగం ఇంటిని శాశ్వతంగా విడిచిపోతుంది. క్వార్టరు పోతుంది, దవాఖాన సౌకర్యం పోతుంది. పోలీసు వెరిఫికేషన్ ఒక్కటి అయిపోతే ఆర్డరు వచ్చినట్టే. దయాసాగర్ కొడుకు కోసం కొత్త గమ్‌బూట్లు కూడా చూసి పెట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే కేసయింది.

ఓపెన్‌కాస్టు గని కోసం ఖాళీ చేయించిన పాత కాలనీలో ఒక కమ్యూనిటీ హాలు మిగిలి ఉంది. తలుపులు, కిటికీలు ఎవరో పీక్కుపోయారు. చుట్టుపక్కల మనిషి వాసన లేదు. ఆదివారం మధ్యాహ్నం రిచర్డ్ అక్కడ స్పీకర్లు పెట్టాడు. జనం ఆడుతుండగా పోలీసులు వచ్చారు. సీసాలు వెతికారు, పొట్లాలు వెతికారు. మంచినీళ్ల క్యాన్లు, మిర్చి బజ్జీలు తప్ప ఏమీ దొరకలేదు. అయినా స్పీకర్లు ఎత్తి, రిచర్డ్‌ను వ్యాను ఎక్కించారు.

కబురంది దయాసాగర్ స్టేషన్‌కు చేరేసరికి కొడుకు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఎస్సై కేసు చదివి వినిపించాడు. అనుమతి లేకుండా జనాన్ని పోగేయడం, కంపెనీ జాగలోకి చొరబడటం, సౌండుతో ఇరుగుపొరుగును ఇబ్బంది పెట్టడం.

“ఆడ ఇరుగుపొరుగు ఎవరున్నరు సార్?” అన్నాడు రిచర్డ్.

ఎస్సై తలెత్తేలోపే దయాసాగర్ రెండు చేతులూ జోడించాడు. “తప్పయింది సార్. పోరడు, తెల్వక చేసిండు. ఈసారికి మన్నించుండ్రి.”

అప్పటికి అక్కడ ఎవరూ ఆయన్ను ఏమీ అడగనేలేదు. రిచర్డ్ తండ్రి వైపు చూసి, తర్వాత నేల వైపు చూశాడు. బెయిలు ఇచ్చి ఇంటికి పంపించారు.

లాయర్ వీరేందర్‌ది అదే కాలనీ, బాయి కార్మికుని కొడుకే. కేసు చూసి కొట్లాడదామన్నాడు. “మందు లేదు, టికెట్ లేదు, పట్టపగలు. పైంగ అనుమతి కోసం తిరిగినోడు. ఇది నిలబడే కేసు కాదు కాకా. జర టైం పడ్తది, అంతే.”

“ఎంత టైం?”

“ఏడాది కావచ్చు. ఇంకెక్కువ కావచ్చు.”

“గప్పటికి వీని వయసు దాటిపోతది గద. ఒప్పుకుంటేనో?”

“ఒప్పుకుంటే ఫైన్ కట్టి ఒక్కపూటల బయటికొస్తరు. కాని ఆగమాగం కాకు. కేసు నడుస్తుంటే ఉద్యోగం ఆపుతరు, కొట్టేస్తే మల్ల అడగొచ్చు. నేరం ఒప్పుకున్నంక ఆ ముచ్చట ఎటూ పోదు. ఆలోచించు.”

దయాసాగర్ తలూపి వచ్చేశాడు గాని ఆ మాట చెవికెక్కలేదు. వాయిదాలు పడితేనే కదా లాయర్లకు బువ్వ అనుకున్నాడు. ఆయన బతుకంతా చూసింది ఒక్కటే. వాదించినవాడు చెడ్డాడు, ఒప్పుకున్నవాడు మరుసటి రోజు డ్యూటీ ఎక్కాడు.

ఇంట్లో వారం రోజులు ఇదే గొడవ. రిచర్డ్ అన్నం ముందు కూర్చుని అడిగాడు.

“బాపు, నేనేం తప్పు చేసిన?”

“చేసినవని నేనన్ననా? ఒప్పుకోమంటున్న.”

“రెండిట్ల తేడా ఏంది?”

“బాయిల దిగితే నీకే తెలుస్తది.”

హన్నా మధ్యలోకి వచ్చింది. “వాని మాట కూడ జర ఇనయ్యా. లాయరు సారు వద్దన్నడంటున్నడు.”

“లాయరు సారు ఇస్తడా నౌకరి?” అని దయాసాగర్ గట్టిగా అరిచాడు. ఆ వెంటనే దగ్గు తెర అందుకుంది. మొహం ఎర్రబడి, మంచం పట్టె పట్టుకుని వంగిపోయాడు. రిచర్డ్ లేచి నీళ్లందించాడు, వీపు రాశాడు. దగ్గు తగ్గాక, “సరే బాపు, ఒప్పుకుంట” అన్నాడు. న్యాయం తేల్చింది ఆ దగ్గే అనుకోవాలి.

కోర్టులో పని ఇట్టే అయిపోయింది. జడ్జి అడిగారు, రిచర్డ్ ఒప్పుకున్నాడు. ఫైన్ కట్టి బయటికొచ్చేసరికి ఇంకా మధ్యాహ్నం కూడా కాలేదు. వీరేందర్ కోటు మడిచి చేతి మీద వేసుకుని వెళ్లిపోయాడు. దయాసాగర్ మాత్రం కేసు గెలిచినవాడిలా నడిచాడు. వస్తూ వస్తూ చికెన్ తెచ్చాడు. “సూసినవా, ఒప్పుకుంటే పోతదన్ననా లేదా?” అని హన్నాతో పది మాట్లన్నాడు. రిచర్డ్ తిన్నాడో లేదో ఆయన గమనించలేదు.

కొద్ది వారాలకు ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. దయాసాగర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయాడు. అక్కడ క్లర్కు లింగమూర్తి ఒకప్పుడు ఆయనతో పాటు గనిలోకి దిగినవాడే. కుర్చీ చూపించి, చాయ్ తెప్పించి, ఆ తర్వాత చెప్పాడు.

“దయన్నా, వెరిఫికేషన్ల ఆగింది. పిలగాని మీద నేరం రుజువైనట్టు వచ్చింది.”

“రుజువెక్కడయింది? మనమే ఒప్పుకుంటిమి!”

“ఒప్పుకునుడంటే గదే అన్నా.”

“గదేంది లింగమూర్తీ? ఒప్పుకున్నోనికి వార్నింగ్ ఇచ్చి ఇడిసిపెడ్తరు గద. నువ్వు రాయలే? నేను రాయలే?”

“గది మన తాన. కోర్టు తాన ఒప్పుకుంటే శిక్ష పడ్డట్టే లెక్క. కేసు నడుస్తుండంగ ఉంటే దరఖాస్తు పెట్టిన నాటి వయసే లెక్కేసి, ఫైలు పక్కకు పెట్టి ఆగేటోళ్లం. ఇప్పుడు ఆగుడు లేదు, వాపస్ పంపుడే.”

దయాసాగర్ చాయ్ తాగలేదు. ఇంటికి వచ్చి హన్నాకు చెప్పలేక, చెప్పులు విప్పకుండానే గడపలో కూర్చుండిపోయాడు. ఆమె ఆయన మొహం చూసే అర్థం చేసుకుంది. కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది. ఏళ్ల తరబడి నేల కింద ప్రాణం పణంగా పెట్టి సంపాదించింది ఆ ఒక్క ఉద్యోగమే. దాన్ని ఎవరూ లాక్కోలేదు. తన చేతులతో తానే ఇచ్చేశాడు. ఆ రోజు ఆయన బిగ్గరగా ఏడ్చాడు. ఆ క్వార్టర్ల వరుసలో ఆయన ఏడుపు ఎవరూ అంతకుముందు వినలేదు.

తెల్లారి వీరేందర్ దగ్గరికి పరుగెత్తాడు. “నేను ఒప్పుకోమంటెనే ఒప్పుకున్నడని జడ్జి సారు ముంగట చెప్త. నా మీద రాసుకోమను.” వీరేందర్ పై కోర్టులో అప్పీలు వేశాడు. ఎవరూ బెదిరించలేదు, కొట్టలేదు, ఇష్టపడే ఒప్పుకున్నాడు కాబట్టి అది నిలవలేదు. ఈలోపు రిచర్డ్ వయసు దాటింది.

వానాకాలం చివర క్వార్టరు ఖాళీ చేయాల్సి వచ్చింది. మంచిర్యాలలో చిన్న అద్దె ఇల్లు చూసుకున్నారు. ట్రాలీ ఆటో వాకిట్లో ఆగి ఉంది. హన్నా వంటింట్లో గిన్నెలు సర్దుతోంది. రిచర్డ్ బీరువా ఎక్కించి వచ్చి చెమట తుడుచుకుంటున్నాడు. ఆ కేసు తర్వాత అతను ల్యాప్‌టాప్‌లో సంగీతం జోలికి పోలేదు. స్నేహితులు వచ్చి అడిగితే తీరిక లేదనేవాడు. మంచం ఒక్కటే మిగిలింది. దయాసాగర్ దాని మీద కూర్చుని ఉన్నాడు.

“నా మీద కోపముందా బిడ్డా?”

“నౌకరి సంగతైతే కోపం లేదు బాపు. పోయింది, పోనీ.” రిచర్డ్ తువ్వాలు భుజాన వేసుకున్నాడు. “ఒక్కటి మాత్రం అడుగుత. కోర్టు ఇడిసిపెట్టు, ఆఫీసు ఇడిసిపెట్టు. నీ మనసుల చెప్పు. ఆ దినం నేను తప్పు చేసిన్నా?”

చెప్పవలసింది చిన్న మాట. లేదు అంటే చాలు. దయాసాగర్ మంచం మీంచి ముందుకు వంగాడు. కళ్ల నిండా నీళ్లు తిరిగాయి. కొడుకు ముందు రెండు చేతులూ జోడించాడు.

“తప్పు నాదే బిడ్డా. నన్ను మన్నించు.”

రిచర్డ్ ఆ చేతులు పట్టుకుని కిందికి దించాడు.

“నేనడిగింది గది కాదు బాపు” అన్నాడు. తండ్రి లేచి నిలబడేదాకా ఆగి, మంచం ఎత్తుకుని ట్రాలీ వైపు నడిచాడు.